పరుగు ఆగిపోయిన చోట మొదలైన ఆట: లాన్ బౌల్స్‌లో మన నలుగురి గోల్డ్ మెడల్ కథ

ఈ ఎపిసోడ్ ఫోన్‌లు, యాప్‌లు, ఏఐ గురించి కాదు. ఒక ఆట గురించి. మీలో చాలామంది పేరు కూడా విని ఉండరు. 2022 దాకా నేనూ వినలేదు. ఆ ఆట పేరు లాన్ బౌల్స్.

ఇది ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల తెనాలి నుంచి ప్యాసింజర్ ఎక్కి రేపల్లెలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ ఆ బండి నింపాదిగా వెళ్తుంది కదా, అదో ఆనందం. మా పిన్ని కొడుకు బాపట్లలో డిగ్రీ చదివాడు. చదివాడనడం కంటే కబడ్డీ ఆడాడు అనడం కరెక్ట్. మంచి రైడర్. ఒక మ్యాచ్‌లో మోకాలు మెలిక పడి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు నడుస్తాడు, బండి నడుపుతాడు. కానీ రైడింగ్‌కి మాత్రం వెళ్ళలేడు. భోజనాల దగ్గర నవ్వుతూనే అన్నాడు, "అన్నాయ్, నేను 24 ఏళ్ళకే రిటైరైపోయాను" అని. మా పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎవరం ఏం మాట్లాడలేదు.

ఆ రాత్రి డాబా మీద వాడికి చెప్పిన కథే ఈ ఎపిసోడ్. మీలో కూడా "నా టైమ్ అయిపోయింది" అనుకునేవాళ్ళు ఉంటే చివరి దాకా ఉండండి.

ముందు ఆట ఏంటో చూద్దాం

చిన్నప్పుడు గోళీలాట ఆడారా? దూరంగా ఒక గోళీ పెట్టి, ఎవరి గోళీ దానికి దగ్గరగా ఆగుతుందో జానతో కొలుచుకుని, "నాది దగ్గర", "కాదు నాది దగ్గర" అని కొట్టుకునేవాళ్ళం కదా. లాన్ బౌల్స్‌కి మూలం అదే ఐడియా. కాకపోతే గోళీ బదులు కిలోన్నర దాకా బరువుండే పెద్ద బంతి, వీధిలో మట్టి బదులు కార్పెట్‌లా కత్తిరించిన పచ్చిక.

ముందుగా ఒక చిన్న బంతిని దొర్లిస్తారు. దాన్ని జాక్ అంటారు. అది కనీసం 23 మీటర్ల దూరం వెళ్ళాలి. దాదాపు ఒక క్రికెట్ పిచ్ పొడవు, ఇంకాస్త ఎక్కువ. ఆ తర్వాత రెండు టీములూ ఒకరి తర్వాత ఒకరు తమ పెద్ద బంతుల్ని దొర్లిస్తారు. వీటినే బౌల్స్ అంటారు. అన్నీ వేశాక జాక్‌కి ఎవరి బౌల్ దగ్గరగా ఉందో చూస్తారు. ఆ టీముకే పాయింట్లు. అవతలి టీము బెస్ట్ బౌల్ కంటే దగ్గరగా మనవి ఎన్ని ఉంటే అన్ని పాయింట్లు. ఒకటుంటే ఒకటి, మూడుంటే మూడు. అవతలి టీముకి ఆ రౌండులో సున్నా. ఈ రౌండుని ఎండ్ అంటారు.

"ఇంతేనా, ఇందులో ఏముంది?" అనిపిస్తోందా? మా తమ్ముడూ అదే అన్నాడు. అసలు కిటుకు ఇప్పుడు చెప్తా.

ఈ బౌల్ తిన్నగా వెళ్ళదు. కావాలనే అలా తయారుచేస్తారు. పైకి గుండ్రంగానే కనిపిస్తుంది కానీ ఒక పక్క గుండ్రదనానికీ రెండో పక్క గుండ్రదనానికీ కొంచెం తేడా ఉంటుంది. దీన్ని బయాస్ అంటారు. ఓ రూపాయి బిళ్ళని నేల మీద నిలబెట్టి దొర్లించండి. వేగంగా ఉన్నంతసేపు తిన్నగా వెళ్తుంది. స్పీడ్ తగ్గేకొద్దీ ఓ పక్కకి వంగి, గుండ్రంగా తిరిగి పడిపోతుంది. బౌల్ కూడా అంతే. వేగంగా ఉన్నప్పుడు దాదాపు తిన్నగా పోతుంది, నెమ్మదించేకొద్దీ ఒక పక్కకి ఎక్కువెక్కువగా ఒంపు తిరుగుతుంది.

అంటే జాక్‌ని గురిచూసి వేస్తే జాక్ దగ్గరికి చేరదు! జాక్‌కి పక్కగా, ఎక్కడో ఖాళీ చోటు చూసి వెయ్యాలి. అది అలా వెళ్ళి, ఒంపు తిరిగి, జాక్ పక్కన వచ్చి ఆగాలి. ఎంత పక్కకి, ఎంత బలంతో అనేది చేతికి తెలియాలి. బలం పావు వంతు తేడా వస్తే ఒంపు కూడా మారిపోతుంది.

దీనికి తోడు గడ్డి. తడిగా, ఒత్తుగా ఉంటే బంతి త్వరగా ఆగుతుంది, పొడిగా గట్టిగా ఉంటే సాగుతూనే ఉంటుంది. సాధారణంగా ఇంగ్లండ్ గడ్డి స్లో, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా గ్రౌండ్లు ఫాస్ట్. ఒక చోట అలవాటైన చేయి ఇంకో చోట పనిచెయ్యదు. పొద్దున ఉన్న గడ్డి మధ్యాహ్నానికి ఉండదు. మనం కోడ్‌లో అక్షరం మార్చకపోయినా సర్వర్ మారితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది చూశారా, అలాంటిదే ఇది.

ఆ నలుగురు ఎవరు?

ఫోర్స్ అనే విభాగంలో టీముకి నలుగురు. ఒక్కొక్కరికి రెండేసి బౌల్స్. మొదట వేసే ఆమెని లీడ్ అంటారు, తర్వాత సెకండ్, థర్డ్, చివర స్కిప్. స్కిప్ అంటే కెప్టెన్. మిగతావాళ్ళు వేసేటప్పుడు అటు చివర నిలబడి "ఇటు వెయ్, ఇంత బలంగా వెయ్" అని చెప్తుంది. ఆఖరి బౌల్స్ ఆమెవే. అందరూ చేసిన తప్పుల్ని సరిదిద్దాల్సిన పని కూడా ఆమెదే.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో ఇండియా టీము ఇది: లీడ్ లవ్లీ చౌబే, సెకండ్ పింకీ సింగ్, థర్డ్ నయన్‌మోనీ సైకియా, స్కిప్ రూపా రాణీ టిర్కీ.

ఇప్పుడు వాళ్ళ పాత జీవితాలు చూడండి.

లవ్లీ చౌబేది జార్ఖండ్. ఒకప్పుడు 100 మీటర్ల రన్నర్. గాయం వల్ల పరుగు ఆపాల్సి వచ్చింది. అప్పుడు మధుకాంత్ పాఠక్ అనే ఆయన ఆమెకి ఈ ఆట పరిచయం చేశారు. ఆయన క్రికెట్ అంపైరింగ్ చేసి, తర్వాత బౌల్స్ కోచింగ్‌లోకి వచ్చినవారు. 2008లో మొదలుపెట్టి, ఒక పోటీలో గెలిచి 70 వేల రూపాయల ప్రైజ్ మనీ అందుకున్నాక, ఇందులో కొనసాగొచ్చని నమ్మకం వచ్చిందని ఆమే చెప్పింది. ఉద్యోగం పోలీసు కానిస్టేబుల్.

నయన్‌మోనీది అస్సాంలో రైతు కుటుంబం. ముందు వెయిట్‌లిఫ్టర్. కాలికి దెబ్బ తగిలి బరువులెత్తడం ఆపేసింది. 2008లో బౌల్స్ వైపు వచ్చింది. తర్వాత అటవీ శాఖలో ఉద్యోగం.

రూపా రాణీది రాంచీ. ఈ ఆటకి ముందు ఏం ఆడేదో తెలుసా? కబడ్డీ! ఈ మాట చెప్పగానే మావాడు పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. తర్వాత జార్ఖండ్ క్రీడా శాఖలో ఉద్యోగం చేస్తూ ఆడింది.

పింకీ ఢిల్లీలో ఆర్.కె.పురం డీపీఎస్ స్కూల్లో పీఈటీ టీచర్. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ రాబోతున్నాయి కదా, వాటి ప్రాక్టీస్ కోసం వాళ్ళ స్కూలుకే ఈ ఆట వచ్చింది. పిల్లలకి నేర్పాల్సిన టీచరు తనే ప్లేయర్ అయిపోయింది.

గమనించారా? ఒక్కరూ చిన్నప్పటి నుంచి లాన్ బౌల్స్ ఆడినవాళ్ళు కాదు. ఇద్దరికి గాయాలు. అందరికీ ఇది రెండో ఆట. 2022 నాటికి నలుగురూ ముప్పై దాటినవాళ్ళే.

ఇంకో సరదా విషయం. రాంచీ అంటే ధోనీ ఊరు కదా. కోచ్‌గారు ఆయనకి తెలుసనీ, దేవ్‌రీ మాత గుడికి వచ్చినప్పుడు తమ గ్రౌండ్ దగ్గర ఆగి ఆట చూసేవారనీ, ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు ఆయన కూడా బౌల్స్ ఆడతారనీ లవ్లీ మెడల్ టైమ్‌లో చెప్పింది. అంటే మనకి తెలియని ఆట ధోనీకి తెలుసన్నమాట.

ఆ వారం ఏం జరిగింది

కామన్వెల్త్ గేమ్స్‌లో బౌల్స్ 1930లో కెనడాలోని హామిల్టన్ నుంచే ఉంది. 1966 జమైకా గేమ్స్‌లో తప్ప ప్రతిసారీ ఉంది. ఇండియా మొదటిసారి ఆడింది 2010లో. 2010, 2014, 2018, మూడు గేమ్స్ అయిపోయినా ఒక్క మెడల్ లేదు. నాలుగేళ్ళకోసారి వెళ్ళడం, ఖాళీ చేతులతో రావడం. పన్నెండేళ్ళు! మనమైతే రెండు ఇంటర్వ్యూలు పోతేనే లింక్డిన్‌లో బాధ రాసుకుంటాం.

2022లో కూడా మొదలు బాగాలేదు. పోటీలు లెమింగ్టన్ స్పాలోని విక్టోరియా పార్క్‌లో. మొదటి మ్యాచ్ ఇంగ్లండ్‌తో, 9-18తో ఓటమి. తర్వాత కుక్ ఐలాండ్స్ మీద 15-9, కెనడా మీద 17-7 గెలిచారు. క్వార్టర్ ఫైనల్లో నార్ఫోక్ ఐలాండ్ మీద 19-9. నార్ఫోక్ ఐలాండ్ జనాభా సుమారు 2 వేలు. మన దగ్గర ఓ పల్లెటూరు. అంత చిన్న చోట కూడా ఈ ఆట ఎంత సీరియస్‌గా ఆడతారో చూడండి.

సెమీ ఫైనల్ న్యూజిలాండ్‌తో. ఈ ఆటలో కామన్వెల్త్ మెడల్స్ కుప్పలుగా ఉన్న దేశం. రెండు ఎండ్స్ అయ్యేసరికి మనవాళ్ళు 0-5. టీవీ ఆపేసే పరిస్థితి. అక్కడ నుంచి మెల్లగా 7-7 చేశారు. 14 ఎండ్స్ అయ్యాక న్యూజిలాండ్ 13, ఇండియా 12. మిగిలింది ఒకే ఒక్క ఎండ్.

ఆ ఆఖరి ఎండ్‌లో ఇండియాకి నాలుగు పాయింట్లు వచ్చాయి. 16-13. రూపా వేసిన బౌల్‌తో మ్యాచ్ మనదైంది. నాలుగు పాయింట్లు అంటే అర్థమైందా? న్యూజిలాండ్ బెస్ట్ బౌల్ కంటే మనవి నాలుగు బౌల్స్ జాక్‌కి దగ్గరగా ఉన్నాయి. ఆ ఒక్క బౌల్ ముందు మిగతా ముగ్గురు కట్టిన గూడు కూడా ఉంది. ఈ ఆటలో హీరో ఒక్కరే ఉండరు.

ఫైనల్ ఆగస్టు 2న, సౌతాఫ్రికాతో. 8-2 దాకా వెళ్ళిపోయారు మనవాళ్ళు. ఇంక అయిపోయింది అనుకునేలోపు సౌతాఫ్రికా వరసగా పాయింట్లు తెచ్చి 10-8తో ముందుకెళ్ళింది. ఆరు పాయింట్ల లీడ్ కరిగిపోతే మనిషికి ఎలా ఉంటుంది? చెయ్యి వణుకుతుంది. 23 మీటర్ల అవతల ఉన్న చిన్న బంతి పక్కన కిలోన్నర బరువుని ఆపాలంటే వణికే చెయ్యి పనికిరాదు.

తర్వాత సౌతాఫ్రికాకి ఒక్క పాయింట్ కూడా రాలేదు. వరసగా తొమ్మిది పాయింట్లు మనవే. 17-10. లాన్ బౌల్స్‌లో ఇండియాకి కామన్వెల్త్ గేమ్స్‌లో మొట్టమొదటి మెడల్, అదీ గోల్డ్. నాలుగు రోజుల తర్వాత మగవాళ్ళ ఫోర్స్ టీము సునీల్ బహదూర్, నవనీత్ సింగ్, చందన్ కుమార్ సింగ్, దినేశ్ కుమార్ ఫైనల్లో నార్తర్న్ ఐర్లండ్ చేతిలో 5-18తో ఓడి సిల్వర్ తెచ్చారు.

అదే గేమ్స్‌లో మన సింధు, నిఖత్, శ్రీజ గోల్డ్‌లు తెస్తే మనం స్టేటస్‌లు పెట్టుకున్నాం, పెట్టుకోవాలి కూడా. ఆ ఏడాది అర్జున అవార్డుల జాబితాలో నిఖత్ జరీన్, ఆకుల శ్రీజతో పాటు నయన్‌మోనీ సైకియా పేరు కూడా ఉంది. తర్వాతి ఏడాదికి పింకీ కూడా అర్జున అవార్డు అందుకుంది.

56 ఏళ్ళ ప్రపంచ ఛాంపియన్

ఇక్కడ మా తమ్ముడు ఒక డౌట్ అడిగాడు. "ముప్పై దాటాక గెలిచారంటే అది ఈజీ ఆట కాబట్టేమో అన్నాయ్?" మంచి ప్రశ్నే. జవాబు కోసం ఇంగ్లండ్ వెళ్దాం.

డేవిడ్ బ్రయంట్ అని ఒకాయన. 1931లో క్లీవ్‌డన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. స్కూల్ టీచర్. నోట్లో పైపు పెట్టుకుని, మోకాళ్ళ మీద కిందికి వంగి, అక్కడి నుంచి లేస్తూ బౌల్ వేసేవాడు. 1966లో సిడ్నీలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సింగిల్స్ గెలిచాడు. 1980లో మళ్ళీ గెలిచాడు. 1988లో మళ్ళీ! అప్పటికి ఆయన వయసు 56. కామన్వెల్త్ గేమ్స్‌లో 1962, 1970, 1974, 1978, నాలుగుసార్లు సింగిల్స్ గోల్డ్. 1966లో ఎందుకు లేదంటారా? ఇందాక చెప్పా కదా, ఆ ఒక్కసారి గేమ్స్‌లో బౌల్స్ పెట్టలేదు.

బ్రిటన్‌లో చలికాలం గడ్డి మీద ఆడలేరు. అందుకే పెద్ద హాల్లో కార్పెట్ మీద ఆడే ఇండోర్ బౌల్స్ వచ్చింది. అది వేరే విద్య. గాలి లేదు, వాన లేదు, కార్పెట్ రోజంతా ఒకేలా ఉంటుంది. కాబట్టి అవతలివాడు కూడా తప్పు చెయ్యడు. 1979లో ప్రపంచ ఇండోర్ ఛాంపియన్‌షిప్ మొదలైతే, మొదటి మూడేళ్ళూ సింగిల్స్ విజేత ఈయనే. గడ్డి మీదా, కార్పెట్ మీదా రెండు చోట్లా రాజు. 2020లో చనిపోయాడు.

ఆయన తర్వాత స్కాట్లండ్ నుంచి అలెక్స్ మార్షల్ వచ్చాడు. ఇండోర్ ప్రపంచ సింగిల్స్ ఆరుసార్లు గెలిచాడు. మొదటిది 1995లో, ఆరోది 2015లో. మధ్యలో ఇరవై ఏళ్ళు! కామన్వెల్త్ గోల్డ్‌లు ఐదు, చివరిది 2018లో, యాభై దాటాక.

ఇప్పుడు ఆ డౌట్‌కి వద్దాం. ఆట ఈజీ అయితే ప్రతి ఏడాదీ కొత్తవాడు గెలవాలి కదా. ఒకే మనిషి ఇరవై ఏళ్ళు గెలుస్తున్నాడంటే ఆ ఆటలో లోతు ఉందని అర్థం. కొన్ని ఆటలు కండరాన్ని అడుగుతాయి, కండరానికి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. ఈ ఆట అడిగేది దూరాన్ని అంచనా వేసే కన్ను, ఒకే పనిని వెయ్యిసార్లు ఒకేలా చేసే చెయ్యి, వెనకబడినప్పుడు కంగారుపడని బుర్ర. ఇవి వయసుతో పెరిగే అవకాశం కూడా ఉంది.

ఇప్పుడు నిజాయితీగా రెండు మాటలు

వీడియో ఇక్కడ ఆపేసి "కలలు కనండి, గెలుస్తారు" అని చెప్పొచ్చు. వ్యూస్ వస్తాయి. కానీ అది అబద్ధం అవుతుంది.

మొదటి మాట. ఈ ఆటకి గ్రౌండ్ కావాలి. ఆ గడ్డిని రోజూ చూసుకోవాలి. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో ఒక బౌల్స్ స్టేడియం ఉంది, 2011 నేషనల్ గేమ్స్ కోసం వచ్చింది. పెద్ద పోటీలు జరిగిన చోటే ఈ ఆట కాలు పెట్టింది. జార్ఖండ్, అస్సాం, ఢిల్లీ నుంచి ప్లేయర్లు రావడానికి అదో పెద్ద కారణం. తెనాలిలో గానీ బాపట్లలో గానీ రేపల్లెలో గానీ నేనైతే ఇలాంటి గ్రౌండ్ చూడలేదు. కాబట్టి "రేపటి నుంచి బౌల్స్ ఆడండి" అని నేను చెప్పట్లేదు.

రెండో మాట. ఆ నలుగురికీ నెల జీతం ఉంది. కానిస్టేబుల్, అటవీ శాఖ, క్రీడా శాఖ, స్కూల్ టీచర్. మెడల్ లేని పన్నెండేళ్ళూ వాళ్ళని నిలబెట్టింది ఆ జీతం. ప్యాషన్ కోసం జాబ్ వదిలెయ్యండి అని చెప్పే వీడియోలు చాలా చూస్తుంటారు. నేనూ సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలినవాణ్ణే, అందుకే చెప్తున్నా. వదిలిన మొదటి ఏడాది మా నాన్న దగ్గర డబ్బులు అడగాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి తెనాలి వచ్చేస్తే, వీధిలో "ఏరా, తీసేశారా?" అని అడిగేవాళ్ళు. ఈ నలుగురూ ఆ తప్పు చెయ్యలేదు. అన్నం పెట్టే పని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బౌల్ వేశారు.

మరి ఈ కథలో మనకి ఉపయోగపడేది ఏంటి?

దెబ్బ తగిలినప్పుడు పోయింది కాలు ఒక్కటే. మిగతాదంతా మన దగ్గరే ఉంటుంది. లవ్లీ పరుగు పోయింది, కానీ స్టార్టింగ్ గన్ పేలే ముందు ఊపిరి బిగపట్టి నిలబడిన అలవాటు ఎక్కడికి పోతుంది? నయన్‌మోనీ బరువులెత్తడం ఆపింది, కానీ ఒకే లిఫ్ట్ మీద మొత్తం మనసు పెట్టే అలవాటు పోదు. కబడ్డీలో ఏడుగురి మధ్యలో నిలబడి ఎవరు కదులుతున్నారో చూసే కన్ను స్కిప్‌కి పనికిరాదంటారా? ఇది నా ఊహే, వాళ్ళు ఎక్కడా అనలేదు. కానీ నాకు అలాగే అనిపిస్తుంది. మనం ఇన్నాళ్ళూ నేర్చుకున్నది ఒక ఆట పేరు మీద రాసి ఉండదు.

కాకపోతే దారి తిన్నగా ఉండదు. అది కూడా బౌల్స్ లాంటిదే. జాక్‌ని గురిచూస్తే జాక్ దొరకదు. కొంచెం పక్కకి చూసి వెయ్యాలి.

ఇంకో సంగతి కూడా చెప్పి ముగిస్తా. 2026 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌ని 10 ఆటలకే కుదించారు. బ్యాడ్మింటన్, హాకీ, రెజ్లింగ్ తీసేశారు. మనకి మెడల్స్ తెచ్చే ఆటలే పోయాయి. ఆ 10లో బౌల్స్ మాత్రం ఉంది, అదీ ఇండోర్‌లో. ఇందాక బ్రయంట్ దగ్గర చెప్పుకున్న కార్పెట్ ఆట గుర్తుంది కదా. గడ్డి మీద గెలిచిన చేతులకి అది కొత్త పరీక్షే.

మా తమ్ముడు ఏమన్నాడని అడుగుతారు కదా. ఏమీ అనలేదు. "బాగుంది అన్నాయ్, పడుకుందాం" అన్నాడు, అంతే. సినిమాల్లోలా పొద్దున్నే లేచి గ్రౌండ్‌కి పరిగెత్తలేదు. కానీ మర్నాడు సాయంత్రం బజారుకని బయల్దేరి, దారిలో కుర్రాళ్ళు కబడ్డీ ఆడుతుంటే బండి ఆపాడు. ఆపరేషన్ అయ్యాక గ్రౌండ్ వైపు వెళ్ళట్లేదని మా పిన్ని చెప్పింది నాకు. గీత బయటే నిలబడ్డాడు. ఒక పిల్లాడు రైడ్‌కి వెళ్ళి దొరికిపోయాడు. మావాడు వాణ్ణి పిలిచి, "ఒరేయ్, వాళ్ళ చేతులు కాదు చూడాల్సింది, పాదాలు చూడు" అన్నాడు. ఆ తర్వాత అరగంట అక్కడే ఉన్నాం. కూరగాయలు తీసుకెళ్ళడం లేటైందని పిన్ని ఇద్దర్నీ తిట్టింది.

ఇవాళ్టికి ఇంతే. ఆట మధ్యలో ఆగిపోయిన ఫ్రెండ్ మీకూ ఒకరు ఉంటే, ఈ ఎపిసోడ్ పంపించండి. ఫార్వర్డ్ చేసి వదిలెయ్యకుండా ఒక ఫోన్ కూడా చెయ్యండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను మరి.